గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ఎండీఆర్ టీబీ: సరిహద్దు దాటిన మందులు, దాటని రిపోర్టు

వైద్యపరంగా అరుదైన కేసు అని దీన్ని రాయడం లేదు. ఎండీఆర్ టీబీని, అంటే రిఫాంపిసిన్ వంటి ముఖ్యమైన టీబీ మందులకు లొంగని ఊపిరితిత్తుల టీబీని విజయవాడలో మేం తరచూ చూస్తూనే ఉంటాం. దీని ప్రత్యేకత మరోచోట ఉంది. ఈ రోగికి నయం కావడానికి ఉపయోగపడిన యంత్రం, మాత్రలు, మాత్రల మోతాదు, చివరికి వాళ్లింట్లో చిన్నపిల్లకు ఇచ్చిన నివారణ చికిత్సతో సహా అన్నీ ఎన్నో దేశాల వాళ్లు ఏళ్ల తరబడి కలిసి చేసిన పని వల్ల మా దాకా వచ్చినవే. అతని జబ్బు అన్ని నెలలు ముదరడానికి మాత్రం రెండు దేశాల మధ్య ఒక్క ల్యాబ్ రిపోర్టు ప్రయాణించకపోవడం ప్రధాన కారణం. రోగి అనుమతితో, గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలను మార్చి రాస్తున్నాను.

పూర్వ చరిత్ర

రోగి వయసు 34 ఏళ్లు. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగ్ నేర్చుకుని, 2021లో ఒక గల్ఫ్ దేశానికి పనికి వెళ్లాడు. వెళ్లే ముందు తప్పనిసరిగా చేసే వైద్య పరీక్షల్లో ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. అక్కడ లేబర్ క్యాంపులో ఒక్కో గదికి ఎనిమిది మంది, ఒకదాని మీద ఒకటిగా ఇనుప మంచాలు, ఏసీ చల్లదనం పోకుండా ఎప్పుడూ మూసే ఉంచే కిటికీలు. రెసిడెన్సీ రెన్యువల్ కోసం మళ్లీ తీసిన ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగంలో నీడ కనిపించడంతో ఆసుపత్రిలో చేర్చుకుని, మూడు వారాల పాటు మందులిచ్చి, ఆ తర్వాత 'అన్‌ఫిట్' ముద్ర వేసి విమానం ఎక్కించారు.

అతని చేతికిచ్చిన కాగితం ఒక్క పేజీ. ఊపిరితిత్తుల టీబీ అని, చికిత్స మొదలుపెట్టామని, స్వదేశంలో కొనసాగించాలని అందులో మూడు వాక్యాలున్నాయి. ఏ మందులు ఇచ్చారో, ఎంత మోతాదులో ఇచ్చారో, కళ్లెను కల్చర్‌కు (క్రిమిని పెంచి చూసే పరీక్షకు) పంపారో లేదో ఎక్కడా లేదు.

ఊరికి వచ్చాక అతను ప్రభుత్వ టీబీ కేంద్రానికి రాలేదు. ఉద్యోగం పోయిందన్న దిగులు ఒకవైపు, అత్తవారింట్లో తెలిస్తే ఏమనుకుంటారోనన్న బెంగ ఒకవైపు. ఒక ప్రైవేటు క్లినిక్‌లో, చేతిలో ఉన్న కాగితం ఆధారంగా, మామూలు టీబీకి ఇచ్చే నాలుగు మందుల కోర్సును మొదటి నుంచి ప్రారంభించారు. ఆ కాగితాన్ని బట్టి చూస్తే అంతకన్నా వేరే ఊహ చేయడానికి ఆధారం లేదు గానీ, కళ్లె పరీక్ష చేయించి ఉంటే బాగుండేది. మొదట కాస్త తెరిపిగా అనిపించి, నాలుగో నెలకల్లా సాయంత్రం జ్వరాలు తిరగబెట్టాయి. దగ్గు ఎక్కువైనప్పుడు మరోచోట పది రోజులు లెవోఫ్లాక్సాసిన్ కూడా వాడాడు. బరువు 61 కిలోల నుంచి 49కి పడిపోయింది. ఇంటింటి సర్వేకు వచ్చిన ఏఎన్‌ఎం, గుమ్మంలో కూర్చుని ఆయాసపడుతున్న మనిషిని చూసి పట్టుబట్టి మా దగ్గరికి పంపింది.

నిర్ధారణ

కళ్లెలో ఏఎఫ్‌బీ (మైక్రోస్కోపులో కనిపించే టీబీ క్రిములు) త్రీ ప్లస్, అంటే చాలా ఎక్కువ. క్రిమి జన్యువులను యంత్రంతో వెతికే సీబీనాట్ పరీక్షలో రెండు గంటల్లోపే సమాధానం వచ్చింది: టీబీ క్రిమి ఎక్కువ మోతాదులో ఉంది, రిఫాంపిసిన్‌కు నిరోధకత ఉంది. ఎక్స్‌రేలో కుడి పైభాగంలో గుల్లపడిన కుహరం స్పష్టంగా కనిపిస్తోంది, ఎడమవైపు కొత్త మచ్చలు మొదలయ్యాయి. హెచ్‌ఐవీ, మధుమేహం లేవు.

ఆ రెండు గంటల పరీక్ష మనకు ఎలా దక్కిందో చెప్పుకోవాలి. జెనీవాలోని ఫైండ్ సంస్థ, అమెరికాలోని సెఫీడ్ కంపెనీ, న్యూజెర్సీ వైద్య పరిశోధకులు కలిసి దాన్ని రూపొందించగా, 2010 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించింది. మొదట్లో ఒక్కో పరీక్షకు వాడే కార్ట్రిడ్జి ధర పేద దేశాలు భరించేలా లేదు. 2012లో అమెరికా ప్రభుత్వ సంస్థలు, యూనిటెయిడ్, గేట్స్ ఫౌండేషన్ కలిసి డబ్బు సర్ది దాన్ని 9.98 డాలర్లకు దించాయి. 2023లో అది 7.97 డాలర్లయింది. ఇలాంటిదే అయిన, మన గోవాలో తయారైన ట్రూనాట్ పరీక్షకు 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం లభించాక, ఇప్పుడు మండల స్థాయి కేంద్రాల్లో కూడా ఈ పరీక్ష చేయగలుగుతున్నాం.

మామూలు టీబీ మందులు పనిచేయనప్పుడు వాడే సెకండ్ లైన్ మందులకు ఈ క్రిమి లొంగుతుందో లేదో చూడడానికి నమూనా పంపాం. ఆ ఫలితం వచ్చేలోగా ఏ కోర్సు మొదలుపెట్టాలన్నదే మా ముందున్న ప్రశ్న.

మందుల ఎంపిక, ఒక వాట్సాప్ ఫొటో

బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లినెజోలిడ్, మాక్సిఫ్లాక్సాసిన్ అనే నాలుగు మందుల కోర్సును బీపాల్ఎం అంటున్నాం. దీన్ని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది, 2024 సెప్టెంబరులో మన కేంద్ర ఆరోగ్య శాఖ ఆమోదించింది. కోర్సు 26 వారాలు. అయితే మొదటి మూడు మందుల్లో ఏదైనా ఒకటి గతంలో నెల రోజులకు మించి వాడి ఉంటే ఈ కోర్సుకు రోగిని నేరుగా తీసుకోకూడదు, ఎందుకంటే వాటికి కూడా క్రిమి అలవాటు పడిపోయి ఉండే ప్రమాదం ఉంది. గల్ఫ్ ఆసుపత్రిలో మూడు వారాలే ఉన్నానని అతను చెబుతున్నాడు. మూడు వారాలో, నెల దాటిందో, ఏ మాత్రలు మింగాడో నిర్ధారించుకోవడం ఎలా?

ఆ ఆసుపత్రికి మా లెటర్‌హెడ్ మీద ఈ-మెయిల్ పంపాం. జవాబు లేదు. పాస్‌పోర్టు మీది ముద్రలు, విమానం టికెట్టు తెప్పించి తేదీలు సరిచూశాం. మూడు వారాల మాట నిజమేనని తేలింది. మందుల సంగతి అతని భార్య ఫోనులో బయటపడింది. ఆసుపత్రిలో పెట్టే తిండి ఎలా ఉందో చూడమని అతను ఆమెకు ఒక ఫొటో పంపాడు. స్టీలు ట్రేలో పలచటి పప్పు, రెండు రొట్టెలు, ఒక అరటిపండు. ట్రే పక్కన మంచం అల్మరా మీద, ఆ రోజు మింగగా మిగిలిన మాత్రల స్ట్రిప్పులు రెండు. పెద్దది చేసి చూస్తే ఒకటి ఎర్రటి నాలుగు మందుల మాత్ర, రెండోది విటమిన్ బీ6. లినెజోలిడ్ గానీ బెడాక్విలిన్ గానీ ఇచ్చిన జాడ లేదు. చికిత్స చరిత్రను భోజనం ఫొటోలో వెతుక్కోవలసి రావడం మా వృత్తికి గౌరవం తెచ్చే విషయమేమీ కాదు, కానీ ఆ రోజు మా దగ్గరున్న సాక్ష్యం అదొక్కటే. ఈసీజీ, రక్తపరీక్షలు, కంటి పరీక్ష పూర్తిచేసి బీపాల్ఎం మొదలుపెట్టాం. అదే కుటుంబానికి చెందిన లెవోఫ్లాక్సాసిన్ వాడిన చరిత్ర ఉన్నందువల్ల మాక్సిఫ్లాక్సాసిన్ పనిచేస్తుందో లేదోనన్న అనుమానం ఉండింది గానీ, తర్వాత వచ్చిన ఫలితంలో ఆ మందుకు క్రిమి లొంగుతుందనే తేలింది.

ఈ నాలుగు మాత్రల వెనక ఉన్న చరిత్ర రోగులకు ఎవరూ చెప్పరు. వైద్య విద్యార్థులకు కూడా సరిగా చెప్పడం లేదని నా అభిప్రాయం. బెడాక్విలిన్ బెల్జియంలో పుట్టింది; 2012 డిసెంబరులో అమెరికాలో అనుమతి పొందినప్పుడు, నలభై ఏళ్లలో టీబీ కోసం వచ్చిన మొదటి కొత్త తరహా మందు అదే. ప్రెటోమానిడ్‌కు తాత వరస అనదగిన ఒక రసాయనాన్ని 1980ల చివర్లో బొంబాయిలోని సిబా-గైగీ పరిశోధన కేంద్రంలో తయారుచేశారు. అది జన్యువులకు హాని చేయగలదని తేలడంతో వదిలేశారు. ఆ కుటుంబానికే చెందిన, ఆ దోషం లేని అణువును సియాటిల్‌లోని ఒక చిన్న కంపెనీ పట్టుకుంది. 2002లో లాభాపేక్ష లేని టీబీ అలయెన్స్ చేతికి వచ్చింది. 2019లో అనుమతి పొందింది. మందు తయారీ హక్కులను ఆ సంస్థ మొదట ఇచ్చింది మైలాన్ అనే మందుల కంపెనీకి. అప్పట్లో దాని భారతీయ కేంద్రం మన హైదరాబాద్‌లోనే ఉండేది.

ధర విషయంలో జరిగిన పోరాటం వీటన్నిటికన్నా నాకు ఎక్కువ నచ్చుతుంది. బెడాక్విలిన్ మీద పేటెంటును మరో నాలుగేళ్లు పొడిగించుకోవడానికి ఆ మందును కనిపెట్టిన కంపెనీ వేసిన దరఖాస్తును ముంబయికి చెందిన నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమేజా టిసిలె అనే, టీబీని జయించిన ఇద్దరు సవాలు చేశారు. ఇద్దరూ పాత పద్ధతి ఇంజెక్షన్ల వల్ల వినికిడి కోల్పోయినవాళ్లే. 2023 మార్చిలో మన పేటెంట్ కార్యాలయం కంపెనీ దరఖాస్తును తిరస్కరించింది. ఆ తర్వాత భారతీయ కంపెనీలు మందును చవకగా తయారుచేయడానికి దారి ఏర్పడింది. మా రోగి ఇదే జబ్బుతో ఓ పదేళ్ల ముందు వచ్చి ఉంటే, ఆరేడు నెలలు ఆ ఇంజెక్షన్లే వేసేవాళ్లం.

చికిత్స నడిచిన తీరు

మొదటి రెండు వారాలు బెడాక్విలిన్ రోజూ 400 మిల్లీగ్రాములు, ఆపై వారానికి మూడుసార్లు 200 మిల్లీగ్రాములు. ప్రెటోమానిడ్ రోజూ 200, లినెజోలిడ్ 600, మాక్సిఫ్లాక్సాసిన్ 400. తిన్న తర్వాత వేసుకుంటేనే బెడాక్విలిన్ ఒంటికి సరిగ్గా పడుతుంది. టిఫిను సంగతి పట్టించుకోని మనిషి కావడంతో, ఉదయం రెండు ఇడ్లీలు తిన్నాకే మాత్రల పెట్టె తెరవాలన్న నిబంధనను అతని తల్లి చేతిలో పెట్టాం. ఆవిడ దాన్ని మాకన్నా కఠినంగా అమలుచేసింది.

ఆవిడే మొదటి రోజు అడిగింది: "డాక్టరు బాబూ, వీణ్ని మంగళగిరి ఆసుపత్రిలో పెట్టాలా?" ఆ తరం వాళ్లకు టీబీ అంటే మంగళగిరి శానిటోరియమే. ఇప్పుడు ఆ ప్రాంగణంలో ఎయిమ్స్ ఉంది. ఇంట్లోనే ఉంచి చికిత్స చేయవచ్చని ఆవిడకు ధైర్యంగా చెప్పగలగడానికి పునాది పడింది కూడా మనకు దగ్గర్లోనే, మద్రాసులో. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి కలిసి 1956లో అక్కడ టీబీ కీమోథెరపీ కేంద్రాన్ని స్థాపించాయి. ఇరుకు ఇళ్లలో, అంతంతమాత్రం తిండితో ఉన్న పేద రోగులకు ఇంటి దగ్గర మందులిచ్చినా శానిటోరియంలో ఉంచినంత ఫలితం వస్తుందని, ఇంట్లోవాళ్లకు అదనపు ప్రమాదం ఉండదని 1959లో ప్రచురించిన ఆ కేంద్రపు అధ్యయనం చూపింది. ప్రపంచమంతా శానిటోరియంలు మూతపడడానికి అది ఒక ముఖ్య కారణం. మొదటి వారాల్లో మాస్కు, గాలి వచ్చే గది, పక్క వేరుగా వేయడం గురించి చెప్పి ఇంటికే పంపాం.

బెడాక్విలిన్, మాక్సిఫ్లాక్సాసిన్ రెండూ గుండె లయ మీద ప్రభావం చూపగలవు కనుక ఈసీజీలు క్రమం తప్పకుండా తీశాం. ఈసీజీలో కొలిచే క్యూటీ విరామం కొంత పెరిగినా, మందు ఆపవలసిన 500 మిల్లీసెకన్ల దరిదాపులకు పోలేదు. రెండో నెల చివర పంపిన కళ్లె కల్చర్ నెగెటివ్ వచ్చింది.

ఇబ్బంది పెట్టింది లినెజోలిడ్. నాలుగో నెల దాటాక ఒకరోజు అతను, "సార్, హవాయి చెప్పు కాల్లోంచి జారిపోయినా తెలియట్లేదు, వెనక్కి చూసుకుంటే నాలుగడుగుల అవతల పడుంటోంది," అన్నాడు. కాలి బొటనవేలి దగ్గర ట్యూనింగ్ ఫోర్క్ పెడితే కంపనం తెలియడం లేదు. దూదిపింజ తాకితే అరికాలులో తెలియదు, చీలమండ దగ్గర తెలుస్తుంది. వెల్డరు కాబట్టి కళ్ల గురించి మరింత భయం పట్టుకుంది, ఎందుకంటే ఈ మందు అరుదుగా చూపు నరాన్ని కూడా దెబ్బతీస్తుంది. రంగుచుక్కల అట్టల మీది అంకెలను తడబడకుండా చదివాడు. హిమోగ్లోబిన్ కాస్త తగ్గింది గానీ ఆందోళన పడేంత కాదు. మోతాదును 300 మిల్లీగ్రాములకు తగ్గించాం.

ఆ తగ్గింపు నిర్ణయాన్ని మేం నిబ్బరంగా తీసుకోగలిగామంటే అందుకు కారణం ఇతర దేశాల రోగులు. దక్షిణాఫ్రికాలో 109 మందితో జరిపిన నిక్స్-టీబీ అధ్యయనంలో లినెజోలిడ్‌ను రోజుకు 1200 మిల్లీగ్రాములు ఇచ్చారు. 90 శాతం మందికి మంచి ఫలితం వచ్చింది గానీ, 81 శాతం మందికి నరాలు దెబ్బతిన్నాయి. అంత మందు అవసరమా అన్న ప్రశ్నకు జవాబు వెతుకుతూ జెనిక్స్ అధ్యయనాన్ని దక్షిణాఫ్రికా, రష్యా, జార్జియా, మోల్డోవా దేశాల్లో నడిపారు. 600 మిల్లీగ్రాములు సరిపోతుందని 2022లో తేలింది. మాక్సిఫ్లాక్సాసిన్ చేర్చిన కోర్సును ఎంఎస్ఎఫ్ (సరిహద్దులు లేని వైద్యులు) సంస్థ వైద్యులు ఉజ్బెకిస్తాన్, బెలారస్, దక్షిణాఫ్రికాల్లో 552 మందిని చేర్చుకుని పరీక్షించారు. అందులో పాత చికిత్సలో 48 శాతంగా ఉన్న ప్రతికూల ఫలితాలు కొత్త కోర్సులో 11 శాతానికి తగ్గాయి. మోల్డోవా ఎక్కడుందో మా రోగికి తెలియదు. అక్కడి ఎవరో రోగి పాదాలు మొద్దుబారినందువల్లే ఇతనికి ఆ మాత్ర సగం మోతాదులో మొదలైంది.

26 వారాలకు కోర్సు ముగిసింది. బరువు 58 కిలోలు. పాదాల మొద్దుబారుడు తగ్గుతోంది, పూర్తిగా పోలేదు.

ఇంట్లోవాళ్లు, గదిలోవాళ్లు

భార్యకు, తల్లికి, ఆరేళ్ల కూతురికి జబ్బు లేదని నిర్ధారించుకున్నాక, ముగ్గురికీ ఆరు నెలల లెవోఫ్లాక్సాసిన్ నివారణ చికిత్స ఇచ్చాం. ఎండీఆర్ టీబీ రోగుల కుటుంబాలకు ఏమివ్వాలన్నది చాలా ఏళ్లు తేలని ప్రశ్న. వియత్నాంలో ఆస్ట్రేలియా పరిశోధకులతో కలిసి ఒకటి, దక్షిణాఫ్రికాలో పిల్లల మీద ఒకటి, రెండు అధ్యయనాలు విడివిడిగా జరిగాయి. ఏ ఒక్కదాని ఫలితమూ గట్టిగా నిలబడేంత స్పష్టంగా లేదు. రెండు బృందాలూ తమ వివరాలను కలిపి లెక్కవేసేసరికి జబ్బు వచ్చే అవకాశం సుమారు 60 శాతం తగ్గుతుందని కనిపించింది, 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు వచ్చింది. పాపకు నీళ్లలో కరిగే మాత్ర. చేదు పోవడానికి వెంటనే బెల్లం ముక్క.

క్యాంపు గదిలో ఇతనితో పడుకున్న ఏడుగురి సంగతి వేరు. నలుగురు మన రాష్ట్రం వాళ్లే, అందరి నెంబర్లూ ఇతని ఫోనులో ఉన్నాయి. వాళ్లకు చెప్పమని అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. "చెప్తే పరీక్షకెళ్తారు సార్, ఏదైనా కనిపిస్తే వాళ్లనీ పంపించేస్తారు. ఒకడికి చెల్లెలి పెళ్లి అప్పుంది," అన్నాడు. రోగాన్ని కనిపెట్టిన వెంటనే మనిషిని వెళ్లగొట్టే విధానం ఉన్నంతకాలం దగ్గును దాచుకోవడమే కూలీకి లాభసాటి, ఆ దాచుకున్న దగ్గు అదే గదిలో ఇంకొకరికి అంటుకుంటుంది. ఆ దేశం తన ప్రజలను కాపాడుకోవడానికి పెట్టిన నిబంధన వాళ్లకే ఎదురుతిరుగుతోందన్నది నా నిశ్చితాభిప్రాయం. చివరికి అతను గదిలో అందరికీ కాకుండా, నమ్మకమున్న ఒకరికి చెప్పాడు. ఆ ఒక్కరు సెలవు మీద ఏలూరు వచ్చినప్పుడు ఎక్స్‌రే, కళ్లె పరీక్ష చేయించాం, రెండూ బాగున్నాయి.

దొరికిన రిపోర్టు

ఆ స్నేహితుడే తిరిగి వెళ్లాక, మా రోగి సంతకం చేసిచ్చిన అధికార పత్రం పట్టుకుని ఆ ఆసుపత్రి రికార్డుల కౌంటరుకు పోయి, కాగితాన్ని ఫొటో తీసి పంపాడు. అప్పటికి ఇక్కడ చికిత్స సగం దాటింది. అక్కడి ల్యాబ్ కల్చర్ చేసింది, మందుల పరీక్షా చేసింది. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ రెండింటికీ క్రిమి లొంగదని సరిగ్గా తేల్చింది. ఫలితం మీద ఉన్న తేదీ అతను విమానం ఎక్కిన తేదీకి అయిదు వారాల తర్వాతది. పంపడానికి చిరునామా లేక అది ఫైలులో ఉండిపోయింది. ఆ అయిదో వారంలో ఆ కాగితం విజయవాడ చేరి ఉంటే, పనిచేయని నాలుగు మందుల మీద అన్ని నెలలు గడిచేవి కావు, ఎడమ ఊపిరితిత్తికి జబ్బు పాకేది కాదనే అనుకుంటున్నాను.

ఇది ఏ ఒక్క ఉద్యోగి నిర్లక్ష్యమో అనడానికి లేదు. అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు 2005 ప్రకారం ప్రతి దేశంలోనూ సమాచారం ఇచ్చిపుచ్చుకునే కేంద్రం ఉంది. కానీ అది ప్రపంచాన్ని కలవరపెట్టే సంఘటనల కోసం ఉద్దేశించినది, ఒక వెల్డరు కళ్లె రిపోర్టు దాని దాకా పోదు. టీబీ రోగులను నమోదు చేసే మన ప్రభుత్వ నిక్షయ్ పోర్టల్ శ్రీకాకుళం నుంచి చిత్తూరుకో, ఇతర రాష్ట్రాలకో రోగిని బదిలీ చేయగలదు. దేశం దాటిన రోగికి అందులో దారి లేదు. అలాంటి ఏర్పాటు అసాధ్యమేమీ కాదు. అమెరికా నుంచి వేరే దేశాలకు వెళ్లిపోయే టీబీ రోగుల వివరాలను గమ్యస్థానంలోని వైద్యులకు అందజేసి, చికిత్స పూర్తయ్యేదాకా వెంటపడే క్యూర్‌టీబీ అనే కార్యక్రమాన్ని అక్కడి ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ నడుపుతోంది. గల్ఫ్‌కూ మనకూ మధ్య రోజూ తిరిగే విమానాల సంఖ్య చూస్తే, అటువంటిది ముందు ఉండవలసింది ఇక్కడే.

2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని నిలిపివేశాక టీబీ పరిశోధనలకు పెద్ద దెబ్బ తగిలింది, దాని గురించి అందరూ రాస్తున్నారు, రాయాల్సిందే. ఈ కేసులో లోపించినదానికి మాత్రం పెద్దగా డబ్బు అక్కర్లేదు. రోగి దేశం విడిచే రోజున అతని ఫోను నెంబరు, జిల్లా పేరు రాసుకుని, ఫలితం వచ్చినప్పుడు ఆ జిల్లా టీబీ అధికారికి ఒక ఈ-మెయిల్ పంపే గుమస్తా ఉంటే చాలు.

మా విభాగంలో రెండు పద్ధతులు పెట్టుకున్నాం. విదేశాల నుంచి టీబీతో తిరిగొచ్చినవాళ్లు ఎవరైనా సరే, చేతిలో ఎలాంటి కాగితం ఉన్నా, కళ్లెకు కొత్తగా సీబీనాట్ చేయకుండా మందులు మొదలుపెట్టం; పాస్‌పోర్టుతో పాటు ఫోనులోని ఆసుపత్రి ఫొటోలనూ చూస్తాం. చికిత్స మధ్యలో దేశం దాటి వెళ్లే మన రోగులకు మందుల పేర్లు, మోతాదులు, మొదలైన తేదీ, పరీక్షల ఫలితాలు, ఇంకా రావలసిన ఫలితాలు, మా ఈ-మెయిల్ ఇంగ్లీషులో ఒకే పేజీ మీద రాసి ఇస్తున్నాం. ఆ పేజీ ఫొటోను రోగితో పాటు ఇంట్లో ఇంకొకరి ఫోనులోనూ ఉంచమంటున్నాం.

రోగి ప్రస్తుతం ఆటోనగర్‌లో పాత షెడ్డులోనే పనిచేస్తున్నాడు. మళ్లీ గల్ఫ్ వెళ్లవచ్చా అని అడిగాడు. ఊపిరితిత్తిలో మిగిలిన పాత మచ్చ వల్ల వాళ్ల వైద్య పరీక్షలో అన్‌ఫిట్ అనే అవకాశమే ఎక్కువని చెప్పి, నయమైనట్టు ధ్రువపత్రం మాత్రం రాసిచ్చాం. ఆరు నెలలకోసారి చొప్పున రెండేళ్ల పాటు అతని కళ్లె పరీక్షలు కొనసాగుతాయి. మొదటిది నెగెటివ్ వచ్చింది.